కడగని గిన్నె

పొద్దున ఏడింటికే ఇంట్లో పంచాయితీ మొదలైంది. గొడవంతా ఒక పెనం గురించి.

ఎవరో దాన్ని ఇనుప పీచుతో తళతళా తోమేశారు. పదిహేనేళ్ళుగా నూనె తాగి తాగి నల్లగా నిగనిగలాడిన పెనం కాస్తా బోసిపోయి కూర్చుంది. అత్తగారు దాని మీద వేసిన మొదటి రొట్టె ఒకచోట మాడి బొగ్గయింది, పక్కనే పచ్చిపిండిగా మిగిలింది. ఆవిడ దాన్ని పట్టకారుతో ఎత్తి, కోర్టులో సాక్ష్యం చూపించినట్టు కోడలికి చూపించింది.

"నువ్వు తోమావా?"

"నేను దాని జోలికే పోలేదు అత్తయ్యా."

"పనమ్మాయి నిన్న రాలేదు. పాప తన కంచమే తోముకోదు. ఇక మిగిలింది నువ్వూ నేనూ. నేను తోమలేదు."

స్టేషన్లో ఎంతటి మొండివాడి చేతనైనా నిజం కక్కించే ఇన్‌స్పెక్టరమ్మ సొంత వంటింట్లో ముద్దాయిలా నిలబడింది. ఆదుకోవడానికి భర్త ఊళ్ళో లేడు. రైలింజను నడిపే మనిషి, శనివారం దాకా రాడు. మరిది బల్ల దగ్గర పేపరులో తల దూర్చి కూర్చున్నాడు. అతన్ని అత్తగారు అడగలేదు. మగవాడు పెనం తోముతాడన్న ఊహ ఆవిడకు డెబ్భై ఏళ్ళలో ఒక్కసారీ వచ్చి ఉండదు.

"పెనమంటే ఇనుము ఒక్కటే కాదమ్మా," అంది ఆవిడ రెండో రొట్టె వేస్తూ. "దానికి పట్టిన పూత కూడా. కింద ఆ పూత లేకపోతే పైన ఏం వేసినా ముద్దలూ మాడు మచ్చలే."

ఇన్‌స్పెక్టరమ్మ ఏమీ తినకుండానే జీపెక్కింది. దారి పొడుగునా ఆ మాట ఆమె చెవిలో రొద పెడుతూనే ఉంది. రెండు రోజులుగా ఆమె తల బద్దలు కొట్టుకుంటున్న కేసు కూడా అచ్చం అలాంటి పూత గురించిందే.

*

మంగళవారం పదకొండు నలభైకి రసాయనాల ఫ్యాక్టరీ పరిశోధనశాలలో రియాక్టరు గొట్టం పగిలింది. దాన్ని నడుపుతున్న ముసలి ఆపరేటరు అక్కడికక్కడే పోయాడు. ముప్పై ఏళ్ళు ఆవిరి గొట్టాల మధ్య బతికిన ఆ మనిషిని అందరూ ఆవిరి మామ అని పిలిచేవారు. గొట్టంలో నింపిన, రసాయన చర్యను నడిపించే క్యాటలిస్టు పొడిని తయారుచేసింది ఒక పాతికేళ్ళ పరిశోధకురాలు. తూకంలో వెంట్రుకంత తేడాకు కూడా ఒప్పుకోని పిల్ల కాబట్టి ఆమె పేరు మిల్లీగ్రాము అయింది.

ఆ మిల్లీగ్రామే తప్పు చేసిందని ఇప్పుడు ఫ్యాక్టరీ అంటోంది. సాయంత్రం ఐదింటిలోగా ఆమెను అరెస్టు చెయ్యాలని పైనుంచి ఒత్తిడి. మనిషి చావుకు కారణమైన నిర్లక్ష్యం అన్న మాట ఒకసారి కాగితమెక్కితే ఆ పిల్లకు జైలూ తప్పదు, బయటికొచ్చాక మరో ల్యాబు గడప తొక్కే యోగమూ ఉండదు.

తొమ్మిదింటికి ఇన్‌స్పెక్టరమ్మ ఆమెను ల్యాబు పక్క గదిలో కూర్చోబెట్టింది. పొడి ఎలా చేస్తావో తనలాంటి వాళ్ళకు అర్థమయ్యేలా చెప్పమంది. పిల్ల కళ్ళు వాచి ఉన్నాయి, మాట మాత్రం వణకలేదు. తెల్లటి సిలికా పొడి ఆధారమట. దాని మీద వెనేడియం ఆక్సైడును పలచగా పరవాలి. వట్టి సిలికా మీద అది సరిగ్గా పరుచుకోదు, ముద్దలు కడుతుంది. అందుకని ముందుగా సిలికాకు టైటానియం ఆక్సైడుతో సన్నని పూత వేస్తుంది. ఆ పూత వెనేడియాన్ని పట్టి ఉంచి, అంతటా సమంగా పరుచుకునేలా చేస్తుంది. ఆ పద్ధతి ఈ పిల్ల కనిపెట్టిందే; ఈ పరీక్ష నెగ్గితే ల్యాబు డైరెక్టరు పాత పద్ధతి మూలన పడేదట.

"పూత వెయ్యకపోతే?"

"ముద్దలు కట్టిన చోట గొట్టంలో పారే రసాయనపు ఆవిరి అదుపు లేకుండా మండుతుంది మేడమ్. ఆ ఒక్కచోటే వేడి పెరిగిపోతుంది. గొట్టం తట్టుకోలేదు."

ఒకచోట మాడి, ఒకచోట పచ్చిగా ఉన్న రొట్టె ఇన్‌స్పెక్టరమ్మ కళ్ళ ముందు మెదిలింది.

"మరి నువ్వు వేశావా?"

"రెండు రోజులు పట్టింది వెయ్యడానికి. నోటుబుక్కులో ఉంది."

నోటుబుక్కులో నిజంగానే ఉంది. శుక్రవారం నాలుగూ పదికి ఫర్నేసులోంచి తీసింది. నాలుగూ ఇరవైకి, వేడి మీదే, 'రంగు: తెలుపు' అని రాసింది. కొట్టివేత లేదు, మరక లేదు. ఆ నీటుతనమే ఇన్‌స్పెక్టరమ్మకు నచ్చలేదు. పని మధ్యలో రాసిన పుస్తకం ఇంత శుభ్రంగా ఉంటుందా, లేక తర్వాత తీరిగ్గా కూర్చుని రాసిందా? ఆ అనుమానాన్ని మనసులోనే ఉంచుకుంది.

తెలుపు అని రాసి, దాని కింద పసుపు పెన్సిలుతో గీత పెట్టావేమిటి అని అడిగింది. పొడి బాగా కుదిరితే వేడిగా, పొడిగా ఉన్నప్పుడు తెల్లగా ఉంటుందట. గాలిలో తేమ తగిలితే పసుపుకు తిరుగుతుందట. మళ్ళీ కాలిస్తే మళ్ళీ తెలుపు. ముద్దలు కట్టినదైతే కాల్చినా తడిపినా ఇటుకరంగే. దానికి వేరే రంగు తెలీదు.

"ఈ బ్యాచిలోంచి నమూనాకని ఫ్యాక్టరీ వాళ్ళు తీసిపెట్టిన సీసాలో ఉన్నది ఇటుకరంగే కదా."

"అదే నాకూ అర్థం కావట్లేదు మేడమ్."

*

ప్రతి బ్యాచిలోంచి చారెడు పొడి తీసి, సీసాలో వేసి సీలు చేసి, బీరువాలో దాచడం అక్కడి పద్ధతి. బీరువా తాళం డైరెక్టరు దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా ఉండదు. సీసా మీద సంతకం కూడా ఆయనదే, ఎప్పుడూ ఆకుపచ్చ సిరాతోనే.

డైరెక్టరు గదికి ఇన్‌స్పెక్టరమ్మ వెళ్ళేసరికి ఆయన ఎదుటి కుర్చీలో వేరొకాయన కూర్చుని కాఫీ తాగుతున్నాడు. హెడ్డాఫీసు నుంచి వచ్చిన ప్రత్యేక విభాగం ఇన్‌స్పెక్టరు. ఏ వేళ చూసినా చొక్కా మడత నలగని మనిషి కాబట్టి డిపార్టుమెంటులో ఆయన్ను ఇస్త్రీ అంటారు. ఆమెను చూసి లేవలేదు. కేసు తన విభాగానికి వస్తే మధ్యాహ్నానికల్లా ముగించేస్తానని కప్పు పెదవి దగ్గర పెట్టుకునే చెప్పాడు.

"నాకిచ్చిన గడువు ఐదింటిదాకా," అంది ఆమె. "అందాకా మీరు కాఫీ తాగొచ్చు."

డైరెక్టరు మాట తీరు వెన్న పూసినట్టుంది. మిల్లీగ్రాము బంగారంలాంటి పిల్ల అన్నాడు, వయసు చిన్నది అన్నాడు, తొందరలో పూత మరిచిపోయి ఉంటుంది పాపం అన్నాడు. ఆ పాపం అన్న మాట మరీ తొందరగా వచ్చిందనిపించింది ఇన్‌స్పెక్టరమ్మకు. సీసా సీలు చేసింది ఎన్నింటికని అడిగింది. శుక్రవారం నాలుగున్నరకు, తన చేతులతోనే. అప్పుడు రంగేమిటి?

"ఇదే రంగు. ఇటుకరంగు. నేను అంతగా పట్టించుకోలేదు, అది నా తప్పే."

"ఇంకొకసారి చెప్పండి. టైము, రంగు."

ఆయన మళ్ళీ చెప్పాడు. ఆమె రాసి, ఆయన చేత సంతకం పెట్టించింది. ఆకుపచ్చ సిరా.

నాలుగూ ఇరవైకి తెలుపు. నాలుగున్నరకు ఇటుకరంగు. పది నిమిషాల తేడాలో ఇద్దరిలో ఒకరు అబద్ధం చెప్తున్నారు. కానీ ఒకరి మాట మీద ఇంకొకరి మాట నిలబెడితే, పాతికేళ్ళ పిల్ల మాట ఎవరు నమ్ముతారు?

*

ఫర్నేసు గది చిన్నది. ఒక గోడకు ఫర్నేసు, ఇంకో గోడకు సింకు, మధ్యలో బల్ల. ఇన్‌స్పెక్టరమ్మ వెంట ఫోరెన్సిక్ పెద్దాయన, వీడియో తీసే కానిస్టేబులు వచ్చారు. కాసేపటికి ఇస్త్రీ, డైరెక్టరు కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

సింకు పక్కన కడిగిన పింగాణీ గిన్నెలు బోర్లించి ఉన్నాయి. పొడిని ఫర్నేసులో కాల్చేది వాటిలోనే. ఆమె ఒక్కొక్కటీ ఎత్తి చూసింది. అన్నీ పాలలా తెల్లగా ఉన్నాయి. ఆశ వదులుకోబోతుండగా, పై అరలో మూలకు కాగితం మూత పెట్టిన గిన్నె ఒకటి కనిపించింది.

మిల్లీగ్రామును పిలిచి అదేమిటని అడిగింది. ఆ పిల్ల తల వంచుకుంది. రియాక్టరు ఫలితం వచ్చేదాకా బ్యాచి కాల్చిన గిన్నె కడగదట. ఒక పట్టింపు అంతే. అందరూ నవ్వుతారని పై అరలో దాస్తుందట.

"ఆవిరి మామ అనేవాడు మేడమ్, నీ మొగుడు అంట్లు చూసి పారిపోతాడే అని."

ఎవరూ నవ్వలేదు. ఇన్‌స్పెక్టరమ్మ ఓరగా చూసింది. డైరెక్టరు జేబులోంచి రుమాలు తీసి, ముఖం తుడుచుకోకుండానే మళ్ళీ పెట్టుకున్నాడు.

గిన్నె బయట బ్యాచి నంబరు ఉంది. అది ఇనుప సిరాతో రాస్తారు; ఫర్నేసులో కాలితే పింగాణీలోకి దిగిపోతుంది, ఆ తర్వాత గీకినా పోదు, కొత్తగా రాసి అతికించడానికీ కుదరదు. లోపల అడుగున లేత పసుపు పొర. ఫోరెన్సిక్ పెద్దాయన దాన్ని సగం అలాగే ఉంచి, సగం గీకి చిన్న పళ్ళెంలోకి తీశాడు. డైరెక్టరు ఎదుటే సీసా సీలు విప్పి, చెంచాడు పొడి ఇంకో పళ్ళెంలో పోశాడు. రెండూ పక్కపక్కనే ఫర్నేసులో పెట్టారు. పదకొండు గంటల ఐదు నిమిషాలు.

"పసుపు మరక చూసి కేసు నడుపుతారా మేడమ్," అన్నాడు ఇస్త్రీ. "వంటింటి సైన్సు కోర్టులో నిలబడదు."

"మీరు వంటింట్లోకి ఎప్పుడైనా వెళ్ళారా సార్?"

"ఆ అవసరం రాలేదు."

"అదే కనిపిస్తోంది."

ఇరవై అయిదు నిమిషాలకు తలుపు తీశారు. గిన్నెలోంచి గీకిన పొడి సున్నంలా తెల్లబడింది. సీసాలోది ఇటుకరంగులోనే ఉంది. పెద్దాయన రెండు పళ్ళేలూ చల్లారనిచ్చి, వేడినీళ్ళ కెటిలు దగ్గరకు జరిపాడు. తెల్లపొడి అంచుల నుంచి మెల్లగా పసుపెక్కింది. రెండోది ఎలా ఉన్నది అలాగే ఉంది.

ఇన్‌స్పెక్టరమ్మ గొంతు పెంచలేదు. శుక్రవారం ఈ గిన్నెలో కాలింది పూత వేసిన మంచి పొడి అనీ, సీసాలో ఉన్నది వేరే పొడి అనీ, పగిలిన గొట్టంలో మొన్న దొరికిన ఇటుకరంగు పొడి కూడా ఆ వేరేదేననీ మెల్లగా చెప్పింది. ఎవరో రెండు చోట్లా మార్చారు. సీసాలోది తర్వాత మార్చారనుకుందామన్నా, నాలుగున్నరకే ఇటుకరంగు చూశానని డైరెక్టరు గారు రెండుసార్లు చెప్పి సంతకం పెట్టారు.

తనకు రంగులు సరిగా గుర్తుండవన్నాడు డైరెక్టరు. లాయరుతో మాట్లాడి చెప్తానని వెళ్ళిపోయాడు.

ఇస్త్రీ మాత్రం వదల్లేదు. గదిలో ఎవరూ లేకుండా చూసి ఆమెకు దగ్గరగా వచ్చాడు. మంచి పొడి చేసిన పిల్లే చెడ్డ పొడి కూడా చేసి ఉండొచ్చు కదా అన్నాడు. లేదని చూపించింది ఆమె. స్టోరులోని సిలికా డబ్బా తూకం పుస్తకంతో సరిపోయింది, ఒక్క గ్రాము తేడా లేదు. మిల్లీగ్రాము ఆ పేరు ఊరికే తెచ్చుకోలేదు. అంటే చెడ్డ పొడికి వాడిన సిలికా బయటినుంచి వచ్చింది.

"బయటంటే ఎక్కడ? అది తేలకపోతే మీ గిన్నె సగం సాక్ష్యమే." ఆయన గొంతులో వెటకారం తగ్గింది, పట్టు మాత్రం తగ్గలేదు. "కేసు నాకివ్వండి. మీకు తెలిసినవాళ్ళు ఎక్కువ ఈ ఊళ్ళో. మొహమాటాలుంటాయి."

"నా మొహమాటాల సంగతి నేను చూసుకుంటాను. ఈ కేసు మీకు ఇవ్వను."

*

ఐదింటి గడువు మర్నాటికి జరిగింది. చూడడానికి మిగిలి ఉన్న రియాక్టరు గదికి ఆమె వెళ్ళింది. ఇస్త్రీ వెనకాలే వచ్చాడు.

పగిలిన గొట్టం కింద, మసి మధ్య, నాలుగు మడతలు పెట్టిన సంచి ఒకటి పడి ఉంది. వాల్వులు తిప్పేటప్పుడు ఆవిరి మామ మోకాళ్ళ కింద వేసుకునేవాడట. అంచులు కాలాయి. మొన్న వచ్చిన వాళ్ళంతా దాన్ని మసిగుడ్డ అనుకుని దాటి వెళ్ళారు. ఆమె చేతి తొడుగుతో మడతలు విప్పింది. లోపలి మడతలో తెల్లటి దుమ్ము. అంచున కుట్టిన అట్టముక్క మీద 'సిలికా, ఐదు కిలోలు' అన్న అక్షరాలు, పక్కన గుండ్రటి ఊదారంగు స్టాంపు. మధ్యలో దుకాణం పేరు కాలిపోయింది. స్టాంపు అంచు మాత్రం మిగిలింది.

ఆ అంచు ఒకచోట లేదు. నెలవంకలా చిన్న గంటు.

ఆమె చేతిలో సంచి అలాగే ఉండిపోయింది. ఆ గంటు ఎలా పడిందో లోకంలో నలుగురికే తెలుసు. ఎనిమిదేళ్ళ కింద పాపకు పళ్ళు వస్తున్న రోజుల్లో, బాబాయి ఒళ్ళో కూర్చుని, అతను కొత్తగా పెట్టిన రసాయనాల దుకాణం రబ్బరు స్టాంపును కసుక్కున కొరికింది. ఇంకోటి చేయించమంటే మరిది ఒప్పుకోలేదు. పాప పంటిగాటు దుకాణానికి అచ్చొస్తుందన్నాడు.

"ఏమైనా దొరికిందా?" అన్నాడు ఇస్త్రీ గుమ్మంలోంచి.

పేరు కాలిపోయింది. తను నోరు విప్పకపోతే ఈ అట్టముక్క ఎవరికీ ఏమీ చెప్పదు. ఆ ఆలోచన ఎంత సులువుగా వచ్చిందో చూసుకుని ఆమెకే భయం వేసింది. అవతలి గదిలో మిల్లీగ్రాము తన పుస్తకాలు పోలీసులకు అప్పగిస్తూ ఒక్కో పేజీ లెక్కబెట్టి చెప్తోంది.

"దొరికింది," అంది ఇన్‌స్పెక్టరమ్మ. "సిలికా సంచి. స్టాంపుతో సహా. పంచనామాలో రాయించండి, మీరూ సంతకం పెట్టండి."

*

అత్తగారింట్లో భోజనం ఏడున్నరకు. హోదా ఏదైనా ఆ వేళకు కంచం ముందు ఉండాల్సిందే. పెనం ఇంకా దారికి రాలేదు. రొట్టెలన్నీ మచ్చలు మచ్చలుగా దిగుతున్నాయి. పాప మాడిన చోట్లు గిల్లి పక్కన పెడుతోంది.

ఇన్‌స్పెక్టరమ్మ రొట్టె తుంచలేదు. ఈ మధ్య ఐదు కిలోల వట్టి సిలికా ఎవరికైనా అమ్మావా అని మరిదిని అడిగింది.

"అమ్మాను వదినా. పన్నెండు రోజులైంది." అతను కూర వడ్డించుకుంటూ మామూలుగానే చెప్పాడు. "ముందు ఎవరో ఫోన్ చేశారు. తర్వాత ఒక పెద్దాయన చీటీ పట్టుకొచ్చి తీసుకెళ్ళాడు. మంచి హాస్యగాడు. సంచి గట్టిగా ఉంది, ఖాళీ అయ్యాక మోకాళ్ళకు వేసుకుంటానన్నాడు."

ఆవిరి మామ తన చావును తనే మోసుకెళ్ళాడు, ఎవరో తెమ్మంటే. ఏమి తెస్తున్నాడో ఆ మనిషికి తెలియనే తెలియదు.

"ఆ చీటీ?"

"ఉంది, దుకాణంలో. ఆకుపచ్చ సిరాతో రాసింది."

అత్తగారి చేతిలో గరిటె ఆగింది. ఆవిడకు కేసు తెలీదు కానీ కోడలి ముఖం తెలుసు.

"పేపర్లో రెండు రోజులుగా వస్తోంది కదా ఆ ఫ్యాక్టరీ సంగతి. నాకెందుకు చెప్పలేదు?" అంది ఆమె మరిదితో.

"మీరు అడగలేదు కదా వదినా. ఆ సిలికా అక్కడికే వెళ్ళిందని నాకు మాత్రం ఏం తెలుసు?" అతను కాస్త తడబడ్డాడు. "ఆ ఫోన్ చేసినాయన ఇవాళ మధ్యాహ్నం మళ్ళీ చేశాడు. ఆ చీటీ వెతికి పెట్టమన్నాడు. రేపు పదింటికి తనే వచ్చి తీసుకుంటాడట. ఆ టైముకు దుకాణంలో ఇంకెవరూ లేకుండా చూడమన్నాడు."

పెనం మీద రొట్టె మాడుతున్న వాసన వచ్చింది, ఎవరూ లేవలేదు. మధ్యాహ్నం. అంటే గిన్నెలోని పొడి రంగు మారడం డైరెక్టరు చూసి వెళ్ళాక.

ఇన్‌స్పెక్టరమ్మ చేయి కడుక్కుని, ఫోన్ తీసి ఇస్త్రీ నంబరు నొక్కింది. పంచనామాలోని స్టాంపు తన మరిది దుకాణానిదని చెప్పింది. పదింటికి ముందే మామూలు చొక్కాలో ఆ దుకాణం వెనక గదిలో ఉండమంది. ఆయన ఏదో అడిగాడు. "లేదు, నేను రాను," అంది. "నేను వస్తే రేపు వాళ్ళ లాయరు లేచి, ఇన్‌స్పెక్టరు మరిది అమ్మాడు, ఇన్‌స్పెక్టరు పట్టుకుంది అంటాడు. ఆ పిల్ల కడగని గిన్నెకు విలువ లేకుండా పోతుంది."

ఫోన్ పెట్టి, కంచం ముందు కూర్చుని, అందరికీ వినబడేలా చెప్పింది.

"ఈ కేసు ఇక నాది కాదు. ఇప్పుడే వేరే ఆయనకు ఇచ్చేశాను. నువ్వు ఇవాళ రాత్రికి ఇక్కడే ఉంటావు, బయట కానిస్టేబులు ఉంటాడు. రేపు పొద్దున ఆయనతో కలిసి దుకాణం తీస్తావు. ఆ తర్వాత స్టేషనుకు వెళ్ళి సాక్ష్యం ఇస్తావు."

మరిది ముఖం పాలిపోయింది. "ఏం అడుగుతారు వదినా?"

"అడిగింది చెప్పి ఊరుకోకు. అడగనిది కూడా చెప్పు."

అతను తల వంచుకుని కంచంలోని మాడిన రొట్టె వంక చూశాడు.

"అయితే అమ్మా," అన్నాడు, "ఆ పెనం తోమింది నేనే."